తలుపు కొట్టి రావాలి: మిల్లమంట్ పెళ్లి షరతుల వెనక ఉన్న భయం

పెళ్లికి ఒప్పుకునే ముందు ఆమె పెట్టే షరతులు ఒకటీ రెండూ కావు. పొద్దున నాకు ఇష్టం వచ్చినంతసేపు పడుకుంటాను. నేను ఎవరికి ఉత్తరం రాసినా, నాకు ఎవరి దగ్గర్నుంచి వచ్చినా మీరు ఆరా తీయకూడదు, మొహం మాడ్చుకోకూడదు. మనసు బాగాలేని రోజు నా గదిలోనే భోంచేస్తాను, ఎందుకని అడగకూడదు. మీ చుట్టాలైనంత మాత్రాన మూర్ఖులతో నేను చనువుగా ఉండాల్సిన పని లేదు. ఇలా చెప్పుకుంటూ పోయి చివరికి ఒకటి అంటుంది: నేను ఎక్కడున్నా సరే, లోపలికి వచ్చే ముందు మీరు తలుపు కొట్టాలి.

ఈ అమ్మాయి పేరు మిల్లమంట్. విలియం కాంగ్రీవ్ రాసిన 'ది వే ఆఫ్ ది వరల్డ్' అనే ఇంగ్లిష్ కామెడీలో కథానాయిక. 1700 మార్చిలో లండన్‌లోని లింకన్స్ ఇన్ ఫీల్డ్స్ నాటకశాలలో దీన్ని మొదటిసారి ఆడారు. అప్పటికి కాంగ్రీవ్ వయసు 30 ఏళ్లు. ఆ తర్వాత ఇంకో 29 ఏళ్లు బతికాడు గానీ మరో కామెడీ రాయలేదు. మిల్లమంట్ అనే పేరులోనే ఒక ఫ్రెంచి మాట దాగి ఉంది: వెయ్యిమంది ప్రేమికులున్నది అని అర్థం.

ఈమెను చదివినవాళ్లు సాధారణంగా రెండు రకాలుగా అర్థం చేసుకుంటారు. గారాబంగా పెరిగిన అందగత్తె, పొగరు, మగవాళ్లను తిప్పించుకోవడం సరదా అనుకునేవాళ్లు కొందరు. కాలానికి ముందే పుట్టిన ఆధునిక స్త్రీ, పెళ్లి అనే వ్యవస్థనే ఎదిరించింది అనేవాళ్లు ఇంకొందరు. నాకు రెండూ సరిగ్గా అతకవనిపిస్తుంది. ఆమెకు పెళ్లి మీద ద్వేషం లేదు. ప్రేమ లేదా అంటే, నాటకంలో అందరికంటే ఎక్కువగా ప్రేమించింది ఆమే. ఆమెకున్నది భయం, ఆ భయానికి పక్కా కారణాలున్నాయి. ఆ కారణాలు తెలిస్తే ఆమె చెప్పే ప్రతి చమత్కారం వెనకా ఒక లెక్క కనిపిస్తుంది. అందుకని ముందు ఆ రోజుల్లో ఇంగ్లండులో పెళ్లంటే ఏమిటో చూడాలి.

అక్కడి చట్టంలో 'కవర్చర్' అని ఒక సూత్రం ఉండేది. పెళ్లయిన క్షణం నుంచి భార్యాభర్తలు ఇద్దరూ చట్టం దృష్టిలో ఒకే మనిషి. ఆ ఒక్క మనిషీ భర్తే. న్యాయశాస్త్రవేత్త బ్లాక్‌స్టోన్ 1765లో ఈ పాత సూత్రాన్ని వివరిస్తూ, పెళ్లి కొనసాగినంత కాలం స్త్రీ చట్టపరమైన ఉనికే నిలిచిపోతుందని రాశాడు. పెళ్లి కాని స్త్రీ, యుక్తవయసు దాటితే, ఆస్తి ఉంచుకోవచ్చు, ఒప్పందాలు రాసుకోవచ్చు, కోర్టుకెక్కవచ్చు. విధవ కూడా అంతే. మధ్యలో ఉన్న భార్యకు మాత్రం ఇవేవీ ఉండవు.

ఆస్తి సంగతికొస్తే, ఆమె తెచ్చుకున్న డబ్బు, సామాను, చరాస్తి మొత్తం భర్తది అయిపోతుంది. భూమి ఆమె పేరు మీదే ఉంటుంది గానీ నిర్వహణ, దాని మీద వచ్చే శిస్తు ఆయనవి. మనకు స్త్రీధనం అన్న మాట తెలుసు. పుట్టింటివాళ్లు పెట్టింది ఆడపిల్లదే అన్న భావన, ఆచరణలో ఎన్నిసార్లు దెబ్బతిన్నా, కనీసం మాటగానైనా నిలిచి ఉంది. ఇంగ్లండు కామన్ లాలో, అంటే కోర్టు తీర్పుల సంప్రదాయంగా వచ్చిన చట్టంలో, భార్య ఒంటిమీది నగలను కూడా భర్త తాను బతికుండగా అమ్ముకోవచ్చు. పిల్లల మీద హక్కు తండ్రిది. విడాకులు కావాలంటే పార్లమెంటులో ప్రత్యేకంగా ఒక చట్టమే చేయించుకోవాలి. అది ఏ కొద్దిమంది గొప్పింటి మగవాళ్లకో సాధ్యమైన పని.

ఇప్పుడు మిల్లమంట్ చేతిలో ఏముందో చూద్దాం. ఆమెకు 12,000 పౌండ్ల ఆస్తి. అందులో సగం, అంటే 6,000 పౌండ్లు, పెద్దమ్మ వరస ఆవిడ లేడీ విష్‌ఫోర్ట్ చేతిలో ఉన్నాయి. ఆవిడకు నచ్చిన సంబంధం చేసుకుంటేనే ఆ సగం దక్కుతుంది. ఆవిడకేమో మిల్లమంట్‌ను ప్రేమిస్తున్న మిరాబెల్ అంటే పడదు. ఆ ప్రేమ సంగతి బయటపడకుండా అతను కొన్నాళ్లు ఈ పెద్దావిడనే ప్రేమిస్తున్నట్టు నటించాడు. అది తెలిసినప్పటి నుంచి ఆవిడ రగిలిపోతోంది. నాటకం కథంతా ఈ 6,000 పౌండ్ల చుట్టూనే తిరుగుతుంది. ప్రేమ కామెడీలో ఇంత కచ్చితమైన అంకె ఉండటం మొదట్లో నాకు వింతగా తోచింది. కానీ ఆ అంకె తీసేస్తే ఆమె మాటలన్నీ గారాలుగానే మిగిలిపోతాయి.

ఆమె రెండో అంకం దాకా రంగం మీదికి రాదు. అప్పటికే అందరూ ఆమె గురించి మాట్లాడి ఉంటారు. మిరాబెల్ మొదటి అంకంలో ఒక విచిత్రమైన సంగతి చెబుతాడు. ఒకసారి ఆమె తనను బాగా అవమానించింది. కక్షకొద్దీ ఆమె లోపాలన్నిటినీ విడదీసి, జాబితా వేసి, ఆమెను అసహ్యించుకోవాలని రోజూ వాటిని వల్లె వేశాడట. వల్లె వేయగా వేయగా అవి తన సొంత లోపాలంత అలవాటైపోయాయి, ఇప్పుడు వాటితో సహా ఆమె ఇష్టం. ఈ మాట నాకు చాలా విలువైనదనిపిస్తుంది. తప్పులే కనిపించని గుడ్డి ప్రేమ కాదు అతనిది. ఆమెను చదువుకున్నవాడు.

తర్వాత ఆమె వస్తుంది. తెరచాపలన్నీ ఎత్తిన ఓడలా, వెనక ఒక మూర్ఖుల మందతో వస్తోందని మిరాబెల్ అంటాడు. రాగానే ఉత్తరాల మాట. తనకు వచ్చే ప్రేమలేఖలను జుట్టు ముడి వేసుకోవడానికి వాడుతుందట, అదీ పద్యంలో ఉన్నవి మాత్రమే. వచనంలో రాసినవాటితో జుట్టు నిలవదని చెబుతుంది. పక్కనున్న పనిమనిషి కూడా అవునంటుంది. ప్రేక్షకులు పగలబడి నవ్వే చోటు ఇది. కాస్త ఆగి చూస్తే, ప్రేమలేఖ అంటే ఏమిటో ఆమెకు బాగా తెలుసు. రాసేవాడి ఉద్దేశం ఏదైనా, ఆ కాగితం ఆమె చేతికొచ్చాక దాని విలువ నిర్ణయించేది ఆమే. పెళ్లయితే ఆమెకు వచ్చే ఉత్తరాల మీద అజమాయిషీ ఇంకొకరిది. తర్వాత షరతుల్లో ఉత్తరాల ప్రస్తావన ఊరికే రాలేదు.

ఈ సన్నివేశంలోనే మిరాబెల్ ఆమెను ఇరుకున పెట్టాలని చూస్తాడు. అందం అనేది ప్రేమికుడు ఇచ్చే కానుక, ప్రేమించేవాడు పోతే అందం కూడా పోతుంది అంటాడు. ఆమె వెంటనే తిప్పికొడుతుంది. ప్రేమికుడు ఇచ్చేదేముంది? ప్రేమికులను మేం ఎంతమందిని కావాలంటే అంతమందిని చేసుకుంటాం, మా ఇష్టమున్నంత కాలం బతుకుతారు, వద్దనుకుంటే పోతారు, మళ్లీ కావాలంటే ఇంకొందరిని చేసుకుంటాం అంటుంది. పొగరుగా వినిపించే మాటే. కానీ అతను అంటున్నదేమిటి? నీ విలువ నా చూపులో ఉంది అని. ఆమె ఆ ఒక్క సంగతికే ఒప్పుకోవడం లేదు.

ఇంకో మాట కూడా తరచూ ఆమెకు వ్యతిరేకంగా వాడుతుంటారు. స్త్రీకి కాఠిన్యమే బలం, కాఠిన్యం వదులుకుంటే బలం పోతుంది, బలం పోయాక ముసలితనమూ కురూపమూ వచ్చినట్టే అని ఆమె అంటుంది. దీన్ని కవర్చర్ సూత్రంతో కలిపి చదవండి. ఆ కాలపు స్త్రీ జీవితంలో మగవాడు ఎదురుచూసే స్థితిలో, ఆమె జవాబు చెప్పాల్సిన స్థితిలో ఉండే దశ ఒక్కటే ఉంది. అది పెళ్లి మాటలకు ముందు రోజులు. 'సరే' అన్న మాట నోటి నుంచి వచ్చిందా, ఆ దశ అక్కడితో ముగిసిపోతుంది. ఆ మాటను వీలైనంత కాలం వాయిదా వేయడం దుర్మార్గమని నేను అనలేను.

ఆమెకు ఈ జ్ఞానం పుస్తకాల నుంచి వచ్చినట్టు లేదు. చుట్టూ ఉన్న ఆడవాళ్లను చూస్తే చాలు. లేడీ విష్‌ఫోర్ట్ 55 ఏళ్ల విధవ, మొహానికి పూసుకున్న రంగు పగుళ్లు తీస్తుంటే అద్దంలో చూసుకుని బెంబేలెత్తిపోతుంది. ఎవరైనా తనను ఇంకా కావాలనుకుంటారా అన్న ఆరాటం ఆమెను ఎవరైనా మోసగించడానికి వీలైన మనిషిగా చేసింది. నాటకం ఆమెను చూపి నవ్విస్తుంది, నాకు మాత్రం ఆ అద్దం సన్నివేశం చదివినప్పుడల్లా గుండె కలుక్కుమంటుంది.

అంతకంటే దగ్గరి ఉదాహరణ లేడీ విష్‌ఫోర్ట్ కూతురు మిసెస్ ఫైనాల్. ఆమె మొదటి భర్త చనిపోయాడు. విధవగా ఉన్నప్పుడు ఒకరితో ప్రేమలో ఉంది. గర్భం వచ్చిందేమోనన్న అనుమానం కలిగింది. ఆ ప్రియుడు ఆమెను తాను చేసుకోలేదు, ఫైనాల్ అనే ఇంకొకడికిచ్చి పెళ్లి చేయించాడు, పుట్టబోయే బిడ్డకు ఒక తండ్రి పేరు ఉండాలని. ఫైనాల్ ఆమెను డబ్బు కోసం చేసుకున్నాడు, ఆ డబ్బుతో వేరే ప్రియురాలిని ఉంచుకున్నాడు. ఆ మొదటి ప్రియుడు ఎవరో కాదు, మన కథానాయకుడు మిరాబెలే.

ఈ సంగతి మిల్లమంట్‌కు తెలుసో లేదో నాటకం నోరు విప్పి చెప్పదు. ప్రేక్షకులకు మాత్రం తెలుసు. అందుకే ఆమె జాగ్రత్త మనకు అతిగా అనిపించదు. తెలివైనవాడు, మాట మీద అదుపున్నవాడు, ఆమెను నిజంగా ప్రేమించినవాడు. ఇన్ని ఉన్నా ఒక ఆడమనిషి జీవితాన్ని తన సౌకర్యం కోసం ఒక చోటి నుంచి ఇంకో చోటికి జరిపినవాడు.

ఇక నాలుగో అంకం. నాటకం మొత్తానికి గుండె లాంటి సన్నివేశం. మన ఇళ్లలో పెళ్లి మాటలు అంటే ఏమిటో అందరికీ తెలుసు. పెద్దవాళ్లు కూర్చుంటారు, ఇచ్చిపుచ్చుకోవడాలు, లాంఛనాలు మాట్లాడుకుంటారు, అమ్మాయి లోపలి గదిలో ఉంటుంది. ఇంగ్లండు ధనిక కుటుంబాల్లోనూ సరిగ్గా అలాగే జరిగేది. తండ్రులు, లాయర్లు కూర్చుని కట్నం ఎంత, భర్త పోతే విధవకు ఏడాదికి ఎంత రావాలి, భార్య సొంత ఖర్చులకు 'పిన్ మనీ' పేరుతో ఎంత ఇవ్వాలి అని రాసుకునేవాళ్లు. ఇక్కడ పెద్దలు లేరు. ఆ కుర్చీలో మిల్లమంట్ కూర్చుంది. పైగా ఆమె డబ్బు మాటే ఎత్తదు. లాయర్లు ఎన్నడూ దస్తావేజులో రాయని విషయాలే మాట్లాడుతుంది.

సన్నివేశం మొదలయ్యేటప్పుడు ఆమె గదిలో ఒంటరిగా ఉండి ఎడ్మండ్ వాలర్ పద్యం చదువుకుంటోంది. గ్రీకు దేవుడు అపోలో వెంటపడితే పారిపోయిన డాఫ్నీ గురించిన పద్యం అది. మిరాబెల్ లోపలికి వస్తూనే ఆ ద్విపద రెండో పాదం తాను పూర్తి చేసి, నాకు దొరక్కుండా తలుపు వేసుకున్నారా అని అడుగుతాడు. తలుపు సంగతి ఇక్కడే మొదలైంది. అతను అడగకుండా లోపలికి వచ్చాడు, ఆమె చదువుకుంటున్న పద్యాన్ని కూడా తనే ముగించాడు. అరగంట తిరక్కముందే ఆమె అడిగేది తలుపు కొట్టి రమ్మని.

మొదట ఆమె అతని మొహంలోని ధీమాను తప్పుపడుతుంది. గెలిచేశాను అనుకునే మగవాడి మొహం కంటే పెడసరమైనది లోకంలో లేదు, మొగుడు మొహం కూడా అంత అన్యాయంగా ఉండదు అంటుంది. ఆ తర్వాత నా ప్రియమైన స్వేచ్ఛా, నా ఏకాంతమా, నా పొద్దుటి కలల్లారా, మీకిక సెలవు చెప్పాలా అని తన తీరిక ఉదయాలను తలచుకుంటుంది. పొద్దున ఎంతసేపైనా పడుకుంటానంటే, అయితే నేను ఎంత పెందలాడే కావాలంటే అంత పెందలాడే లేస్తానని అతను అంటాడు. ఇద్దరి మాటల్లో ఎంత సమానత్వం ఉందో చూడండి. ఆమె తన సమయం తనదంటే, అతను కాదనకుండా తన సమయం కూడా తనదే అన్నాడు.

తర్వాత పిలుపుల షరతు. పెళ్లయ్యాక నన్ను భార్య, సతి, ప్రియా, బంగారం, రత్నం లాంటి పేర్లతో పిలవకూడదు. నలుగురిలో ముద్దులు పెట్టుకోకూడదు. మొదటి ఆదివారం కొత్త బండిలో హైడ్ పార్కుకు వెళ్లి అందరి నోళ్లలో పడి, ఆ తర్వాత జన్మలో కలిసి కనిపించని జంటల్లా మనం ఉండకూడదు. ఒకరికొకరు కొత్తవాళ్లలా మర్యాదగా ఉందాం. పెళ్లయి చాలా కాలమైనట్టు దూరంగా, అసలు పెళ్లే కానట్టు మర్యాదగా.

ఈ షరతు తెలుగులో ఇంకా బాగా అర్థమవుతుందని నాకనిపిస్తుంది. మన దగ్గర చాలా ఇళ్లలో పెళ్లికి ముందు ఇద్దరూ మీరు, మీరు అనుకుంటారు. పెళ్లయిన వారానికి అబ్బాయి నోట 'నువ్వు' వచ్చేస్తుంది, అమ్మాయి మాత్రం మీరు దగ్గరే ఉండిపోతుంది. ఎవరూ తీర్మానం చేయరు, దానంతట అదే జరిగిపోతుంది. మిల్లమంట్ తెలుగు మాట్లాడే మనిషైతే, ఇద్దరం మీరు అనుకుందాం లేదా ఇద్దరం నువ్వు అనుకుందాం అని కచ్చితంగా రాయించుకుని ఉండేది. చనువు పేరుతో గౌరవం జారిపోయే చోటు అదేనని ఆమెకు తెలుసు.

మిగతా షరతులు కూడా ఆనాటి చట్టంతో పోల్చి చూస్తే వెలుగుతాయి. తనకు నచ్చినవాళ్ల ఇంటికి వెళ్లడం, నచ్చినవాళ్లను రానివ్వడం. నచ్చిన బట్టలు. తన సొంత గదిలోకి ఎవరూ చొరబడకపోవడం. టీ బల్ల దగ్గర తానే మహారాణి, అనుమతి లేనిదే ఆయన అటు రాకూడదు. టీ అప్పుడు ఖరీదైన సరుకు, టీ బల్ల దగ్గర ఆడవాళ్లు కూర్చుని మాట్లాడుకోవడం కొత్త ఫ్యాషన్. సెంటు భూమి మీద కూడా ఆమె పెత్తనం చెల్లని రోజుల్లో ఒక బల్ల మేరకైనా నా రాజ్యం ఉండాలని అడగడం చిన్న కోరికేమీ కాదు.

అన్నీ అయ్యాక ఆమె అంటుంది, వీటికి ఒప్పుకుని, మిమ్మల్ని ఇంకొన్నాళ్లు భరించగలిగితే, నేను మెల్లమెల్లగా భార్యగా తరిగిపోవచ్చు. ఆ మాట దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. పెళ్లితో స్త్రీ ఇంకేదో అవుతుందని, సంపూర్ణురాలవుతుందని అందరూ అంటారు. ఆమె 'తరిగిపోవడం' అంటోంది. బ్లాక్‌స్టోన్ 65 ఏళ్ల తర్వాత పేరాలకు పేరాలు రాసి వివరించిన సంగతి అది. దానికి మిరాబెల్ జవాబు కూడా అంత పదునైనదే: మీరు భార్యగా తరిగిపోయాక నేను భర్తగా మితిమీరి పెరిగిపోకుండా నేనూ కొన్ని షరతులు పెట్టవచ్చా?

అతని షరతులు 'మొదటిది', 'మరొకటి' అంటూ లాయరు భాషలో సాగుతాయి. రహస్యాలు మోసే స్నేహితురాలు వద్దు, మొహానికి రాత్రిపూట లేపనాలు, ముసుగులు వద్దు, ఉన్న మొహం చాలు. టీ బల్ల దగ్గర టీ, కాఫీ, చాక్లెట్ తాగండి, మందు కలిపిన పానీయాలు వద్దు. ఇవన్నీ సరదాగానే ఉంటాయి. మధ్యలో గర్భం మాట కూడా ఎత్తుతాడు. కడుపుతో ఉన్నప్పుడు నడుము సన్నగా కనిపించాలని బిగించి కట్టుకోకూడదు, నా కొడుకు తల నొక్కుకుపోతుంది అంటాడు. ఆమె ఆ పేరెత్తవద్దని అడ్డం పడుతుంది. ఆరోగ్యం మాటకొస్తే అతను చెప్పింది సరైనదే. కానీ ఆమె షరతులన్నీ తన శరీరం, తన సమయం, తన గది గురించి. అతని షరతుల్లో ఎక్కువ భాగం కూడా ఆమె శరీరం గురించే. పుట్టేది కొడుకే అని కూడా అతను ముందే నిర్ణయించుకున్నాడు. ఈ ఒప్పందాన్ని సమానుల ఒప్పందమని పొగిడేవాళ్లు ఈ తేడాను దాటేస్తారు. నాకు మిరాబెల్ ఇష్టమే, అయినా ఇది చెప్పక తప్పదు.

ఒప్పందం కుదిరాక సంతకానికి సాక్షి కావాలంటాడు మిరాబెల్. సరిగ్గా అప్పుడే వచ్చేది మిసెస్ ఫైనాల్. అతను ప్రేమించి వదిలేసిన మనిషి, అతని మాట మీద చెడ్డ పెళ్లి చేసుకున్న మనిషి, ఈ పెళ్లికి సాక్షి. ఆమే మిల్లమంట్‌ను తొందరపెడుతుంది, ఇష్టమని సూటిగా చెప్పెయ్యి అని. సరే, మిమ్మల్ని చేసుకుంటాను, ముద్దులొద్దు, థాంక్సులొద్దు, నోరెత్తకండి అని మిల్లమంట్ ఒప్పుకుంటుంది, చెయ్యి మాత్రం ముద్దు పెట్టుకోనిస్తుంది. అతను వెళ్లిపోయాక మిసెస్ ఫైనాల్‌తో నిజం బయటపెడుతుంది: మిరాబెల్ మంచి భర్త కాకపోతే నేను ఏమైపోతానో, అతనంటే నాకు ప్రాణం పోయేంత ప్రేమ.

ఆ మాట అతని ముందు చెప్పలేదు. చెబితే షరతులకు బరువుండదు. ప్రేమ ఎక్కువై అడ్డూ అదుపూ లేకుండా ఒప్పుకునే ప్రమాదం తనకే ఉందని ఆమెకు తెలుసు, అందుకే ముందు గోడలు కట్టుకుంది. చమత్కారం ఆమెకు ఆభరణం కాదు, గొళ్లెం.

ఆ గొళ్లేనికి నిజ జీవితంలో ఉన్న అర్థం మొదటి రోజు ప్రేక్షకులకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. మిల్లమంట్‌గా వేసింది యాన్ బ్రేస్‌గర్డిల్. కాంగ్రీవ్ తన ప్రతి నాటకంలోనూ ఈ నటికి పాత్ర రాశాడు. 1692 డిసెంబరులో రిచర్డ్ హిల్ అనే సైనికాధికారి, మోహన్ ప్రభువు అనే యువకుడితో కలిసి, ఆమె భోజనం చేసి బయటికి వస్తుండగా డ్రూరీ లేన్‌లో ఆమెను బలవంతంగా బండిలోకి లాగబోయాడు. ఆమె తల్లి గట్టిగా పట్టుకుంది, జనం పోగయ్యారు, వాళ్ల ప్రయత్నం సాగలేదు. ఆమెకు ప్రియుడన్న అనుమానంతో హిల్ ఆ రాత్రే విలియం మౌంట్‌ఫోర్ట్ అనే తోటి నటుడిని వీధిలో కత్తితో పొడిచాడు. మౌంట్‌ఫోర్ట్ చనిపోయాడు. హిల్ పరారయ్యాడు. మోహన్‌ను తోటి ప్రభువులే విచారించి నిర్దోషి అన్నారు. ఇది జరిగిన ఏడేళ్లకు అదే నటి రంగం మీద నిలబడి, నా దగ్గరికి వచ్చే ముందు తలుపు కొట్టండి అంది. ఆ హాల్లో ఎంతమంది నవ్వారో, ఎంతమంది ఒక్క క్షణం నవ్వు ఆపారో అని నేను చాలాసార్లు ఆలోచించాను.

పెళ్లయిన స్త్రీకి ఆ తలుపు ఇంకా బలహీనం. ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన మాథ్యూ హేల్, భార్య పెళ్లితోనే తన శరీరాన్ని భర్తకు అప్పగించింది కాబట్టి ఆయన మీద అత్యాచార నేరం నిలవదని రాశాడు. ఆయన చనిపోయాక 1736లో ఆ పుస్తకం అచ్చయింది. ఇంగ్లండు అత్యున్నత న్యాయస్థానం ఆ మాట చెల్లదని చెప్పింది 1991లో. మిల్లమంట్ షరతు చట్టమయ్యేసరికి దాదాపు 300 ఏళ్లు పట్టింది.

నిజానికి ఆమె షరతుల్లో ఒక్కటి కూడా కోర్టులో నిలిచేది కాదు. నోటి మాట, గదిలో అన్న మాట. మిరాబెల్ మంచివాడుగా ఉన్నంత కాలమే వాటికి విలువ. కాంగ్రీవ్‌కు ఈ సంగతి బాగా తెలుసు. అతను కొంతకాలం లా చదివినవాడు. అందుకే అయిదో అంకంలో ఒక నల్ల పెట్టె తెచ్చి పెట్టాడు.

చివర్లో ఫైనాల్ బరితెగిస్తాడు. భార్య పాత ప్రేమను బయటపెట్టి పరువు తీస్తానని అత్తగారిని బెదిరించి, భార్య ఆస్తి మొత్తం తనకు రాసివ్వాలని, మిల్లమంట్ 6,000 పౌండ్లు కూడా కావాలని పట్టుబడతాడు. అప్పుడు మిరాబెల్ పెట్టె తెరిపిస్తాడు. అందులో ఒక దస్తావేజు. విధవగా ఉన్నప్పుడే, ఫైనాల్‌ను చేసుకోక ముందే, ఆమె తన ఆస్తినంతా మిరాబెల్ పేర ట్రస్టుగా రాసేసింది. భార్యకు సంతకం పెట్టే హక్కు లేదు, విధవకు ఉంది. ఆమె ఆ హక్కు ఉన్న రోజునే వాడుకుంది. తేదీ ముందుది కాబట్టి ఫైనాల్ చేతిలోని కాగితం పనికిరాదు. అతను భార్య మీదికి ఉరుకుతాడు, ఇంకొకరు అడ్డం పడతారు. భర్త అలా మీదికి ఉరకడం ఈ కామెడీలో నవ్వు రాని చోట్లలో ఒకటి.

ట్రస్టు అంటే, ఆస్తి ఒకరి పేరు మీద ఉంటుంది, ఫలం ఇంకొకరికి అందుతుంది. కామన్ లా కోర్టు భార్యను లెక్కలోకి తీసుకోకపోయినా, చాన్సరీ అనే ఇంకో కోర్టు ఈ ఏర్పాటును గౌరవించేది. డబ్బున్న కుటుంబాలు కూతుళ్లను కాపాడుకున్న దారి అది. పేదింటి ఆడవాళ్లకు ఆ దారీ లేదు. 1870లో వచ్చిన చట్టంతో భార్య సంపాదన, 1882 చట్టంతో ఆమె ఆస్తి మొత్తం ఆమెవే అయ్యాయి.

ఈ కథకు మన ఇంటి దాకా ఒక దారముంది. 1874లో బ్రిటిష్ ప్రభుత్వం ఇక్కడ వివాహిత స్త్రీల ఆస్తి చట్టం (ఎం.డబ్ల్యు.పి. యాక్ట్) తెచ్చింది. దాని ఆరో సెక్షన్ ప్రకారం, భర్త తన జీవిత బీమా పాలసీని భార్యాపిల్లల కోసమని రాస్తే అది ట్రస్టు అవుతుంది. ఆ డబ్బును అప్పులవాళ్లు సాధారణంగా ముట్టుకోలేరు, భర్త కూడా తర్వాత మనసు మార్చుకుని వెనక్కి తీసుకోలేడు. తర్వాతి సవరణలతో ఇది హిందువులకూ వర్తించింది. ఎం.డబ్ల్యు.పి. యాక్ట్ కింద పెట్టమంటారా అని బీమా ఏజెంట్లు ఇప్పటికీ అడుగుతుంటారు. వ్యాపారంలో అప్పులున్న ఇళ్లలో ఆ ఒక్క సంతకం ఎంత పనిచేస్తుందో చూసినవాళ్లకు తెలుసు. భార్య కోసం పక్కన పెట్టిన దానికి భర్త అప్పులు తగలకూడదన్న ఆలోచన మిసెస్ ఫైనాల్ పెట్టెకు చాలా దగ్గరి చుట్టం.

మిల్లమంట్ దగ్గర అలాంటి పెట్టె లేదు. ఆమె దగ్గర మాటలు మాత్రమే ఉన్నాయి. అదే 1700లో మేరీ ఆస్టెల్ అనే రచయిత్రి పెళ్లి మీద ఒక చిన్న పుస్తకం అచ్చు వేయించి, స్త్రీ పెళ్లితో ఒక యజమానిని ఎంచుకుంటోందని, ఎంచుకునే ముందు బాగా ఆలోచించమని రాసింది. ఆస్టెల్ అసలు పెళ్లే చేసుకోలేదు. మిల్లమంట్ చేసుకోవాలనుకుంటోంది, ఎంతో ఇష్టపడి చేసుకోవాలనుకుంటోంది. నా దృష్టిలో ఇది రెండింటిలో కష్టమైన దారి.

నాటకం చివర్లో పెద్దావిడ ఒప్పుకుంటుంది. 6,000 పౌండ్లు దక్కుతాయి. మిరాబెల్ కాసేపు అలా నిలబడిపోతాడు. ఇన్నాళ్లు తప్పించుకు తిరిగిన మనిషే అప్పుడు అడుగుతుంది, ఈయన నన్ను తీసుకోడేం, ఇంకోసారి నన్ను నేను ఇచ్చుకోవాలా అని. అవును, మళ్లీ మళ్లీ ఇచ్చుకోవాలి అని అతను ఆమె చెయ్యి ముద్దు పెట్టుకుంటాడు. ఆ తర్వాత, నాటకం మొత్తంలో ధీమా వదలని ఆ మనిషి, మిమ్మల్ని మరీ ఎక్కువగా ప్రేమించేస్తానేమో, అదొక్కటే నా భయం అంటాడు.